బేసి ట్రేల లెక్క

రెండు కళ్ళలోనూ మొదటి చుక్కలు పడగానే కుడి కన్ను ముందు చురుక్కుమంది. "కళ్ళు మూసుకుని కూర్చోండమ్మా. పది నిమిషాలకోసారి వచ్చి చుక్కలు వేస్తాను. కంటిపాప బాగా విచ్చుకున్నాక లోపలికి పిలుస్తారు, ఒక గంట పడుతుంది," అని చెప్పి నర్సు పక్క కుర్చీకి వెళ్ళిపోయింది. కళ్ళు మూసుకోమంటే మూసుకునే మనిషి కాదు ఆమె. ఇరవై రెండేళ్ళుగా కళ్ళు తెరుచుకుని కూర్చోవడమే ఆమె ఉద్యోగం. మూసుకుంటే ఏం చేయాలో తోచదు. రెప్పల వెనక ఎర్రటి వెలుతురు, అందులో సన్నటి గీతలు కనిపించాయి; వాటిని లెక్కపెట్టబోయి తనను తానే కసురుకుంది. కుడి కనుబొమ మీద అంటించిన కాగితం బిళ్ళ దురద పెడుతోంది. ఏ కంట్లో సూది వేయాలో పొరపాటు పడకుండా ఆ బిళ్ళ. ఈ వరసలో కూర్చున్న పదకొండు మందికీ ఉంది, కొందరికి కుడివైపు, కొందరికి ఎడమవైపు. లేబుల్ లేని సీసాను ముట్టుకోని మనిషి కాబట్టి ఆ పద్ధతి ఆమెకు నచ్చింది. తానే సీసా అయినందుకు మాత్రం కాస్త చిన్నతనంగా ఉంది.

పక్క కుర్చీలో వదిన ఎవరిదో గౌను ఒళ్ళో వేసుకుని అంచు కుడుతోంది. వదిన దర్జీ. ఆమె కుట్టుమిషను ఆగితే నోరు మొదలవుతుందని, నోరు ఆగితే మిషను మొదలవుతుందని, తనకు మాత్రం ఏ పూటా నిశ్శబ్దం రాసిపెట్టిలేదని అన్నయ్య బతికున్నన్నాళ్ళూ అంటుండేవాడు. ఇవాళ మిషను ఇంట్లో ఉండిపోయింది. "ఇరవై రెండేళ్ళు కోడిగుడ్లకేసి చూస్తే కళ్ళు పోక ఏమవుతాయే," అంటోంది వదిన, "నేను ముందే చెప్పాను, చూసే ఉద్యోగం వద్దు, చూపించుకునే ఉద్యోగం చెయ్యమని." గుడ్లు చూసినందువల్ల రాలేదు వదినా, వయసుతో వచ్చింది, యాభై ఎనిమిది దాటాయి నాకు, అని చెప్పబోయి ఊరుకుంది. వదినతో వాదన ఆమె దారపుండ లాంటిదే, కొస దొరకడం కష్టం.

పోయిన వారం డాక్టరు కంటి వెనక తెరను ఫొటో తీసి పెద్దది చేసి చూపించింది. ఉండకూడని చోట కొత్త రక్తనాళాలు మొలిచాయమ్మా, అవి నాసిరకం నాళాలు, కారుతుంటాయి, ఆ తడికి తెర ఉబ్బి చూపు వంకరవుతుంది, అని ఆ పిల్ల డాక్టరు ఓపికగా విడమరిచి చెబుతుంటే ఈమె వినడం మానేసి, ఎడమ కన్నుతో ఆ నాళాల కొమ్మలు లెక్కపెట్టింది. పదకొండు. రెండు చోట్ల మళ్ళీ చీలాయి. పదమూడు అనుకోవచ్చు. అలవాటు అలాంటిది, చచ్చినా పోదు. బతుకంతా ఏ దొంగల్ని పట్టుకోవడానికి కాపలా కాసిందో ఆ దొంగలు ఆమె ఇంట్లోనే, అదీ కాపలా కాసే కిటికీలోనే కాపురం పెట్టారు. ఆ రోజు ఇంటికి వెళ్ళి నవ్వుకుంది. తర్వాత గిన్నెలు తోముతూ తోముతూ ఏడ్చింది. కళ్ళు రెండూ సమానంగానే ఏడ్చాయి, ఆ పనికి కుడి కన్నేమీ వెనకబడలేదు.

ఆమె పనిచేసే మందుల పరిశోధనశాలలో ఆమెను గుడ్ల అక్కయ్య అంటారు. పొదిగే పెట్టెలో మూడు రోజులు వెచ్చగా ఉంచిన గుడ్డుకు పక్కన గోరంత కిటికీ కోస్తే లోపల పచ్చసొన మీద ఆవగింజంత ఎర్రటి చుక్క టపటప కొట్టుకుంటూ కనిపిస్తుంది. గుండె. ఒళ్ళు ఇంకా లేదు, తల లేదు, రెక్క లేదు, గుండె మాత్రం ముందొచ్చి కూర్చుంటుంది. దాని చుట్టూ దారాల్లా నాళాలు పుట్టుకొస్తాయి, చీలతాయి, మళ్ళీ చీలతాయి, నాలుగు రోజుల్లో పెంకు లోపలి పొరంతా అల్లుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ముప్పై ఆరేళ్ళు. ఆ అల్లిక మీద ఒక చిన్న బిళ్ళ పెట్టి, దాని మీద మందు చుక్క వేసి, రెండు రోజుల తర్వాత ఆ పొరను కత్తిరించి నిలవ ఉండే ద్రవంలో వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, బిళ్ళ చుట్టూ కొత్త నాళాలు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం, ఇదీ పని. మందు పడితే నాళాలు ఆగిపోవాలి. ఉప్పునీటి చుక్క పడ్డ గుడ్లలో ఎప్పటిలా పెరగాలి. ఏ గుడ్డులో ఏం పడిందో లెక్కపెట్టే మనిషికి తెలియకూడదు. తెలిస్తే కన్ను ఆశపడుతుంది. ఆ జాబితా తాళంకప్ప అని అందరూ పిలిచే అతని దగ్గర ఉంటుంది. అతని అసలు పేరు అందరూ మరిచిపోయారు. మందులు కలపడం, జాబితా రాయడం, బీరువాలో పెట్టి తాళం వేయడం, నోటికి అంతకంటే పెద్ద తాళం వేసుకోవడం అతని పని.

మందంటే పెద్ద మందేమీ కాదు. ఒంట్లో ఉండే పెద్ద పెద్ద ప్రొటీన్లు విరిగినప్పుడు రాలే ముక్కల్లో కొన్నిటికి ఒక విచిత్రమైన గుణం ఉంటుంది. కొత్త నాళాలకు ఎదురెళ్ళి, ఇక చాలు, ఆగండి, అంటాయి. ఆ ముక్కల్ని చూసి పరిశోధనశాల నడిపే పెద్దాయన వాటికంటే చిన్నవి తయారుచేయడం మొదలుపెట్టాడు. ఎనిమిదే పూసలున్న దండ, పూస అంటే ఒక అమైనో ఆమ్లం. పూసల వరస మార్చడం, ఒకటి తీసి ఇంకొకటి గుచ్చడం, గుడ్ల మీద వేసి చూడడం. మొదటిది పనిచేయలేదు. రెండోది పనిచేసింది గానీ గంటలో ఒళ్ళు దాన్ని నమిలి మింగేసింది. అలా ఇరవై రెండేళ్ళలో పద్దెనిమిది దండలు పోయాయి. పందొమ్మిదోదాన్ని అందరూ పొట్టోడు అని పిలుస్తున్నారు. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అన్నారా, వీడు చిన్నవాడు కాబట్టి కంటి పైపొరలోంచి దూరి లోపలికి వెళ్ళగలడు, సూదితో పనిలేకుండా చుక్కలుగా వేసుకోవచ్చు అని పెద్దాయన ఆశ. ఆ మాట చెప్పేటప్పుడు డెబ్బై ఏళ్ళాయన ముఖం పదేళ్ళ పిల్లవాడి ముఖంలా ఉంటుంది.

నిన్న సాయంత్రం తాళంకప్ప బీరువా తెరిచాడు. ఎనిమిది ట్రేలు, ట్రేకు పన్నెండు, మొత్తం తొంభై ఆరు గుడ్లు. ఆమె మూడు వారాల కిందటే ముగించి ఇచ్చిన లెక్కను జాబితా పక్కన పెట్టి చూశారు. కొన్ని ట్రేలలో నాళాలు ఇరవై, ఇరవై రెండు. మిగతా ట్రేలలో తొమ్మిది, పది. పది ఉన్నవన్నీ పొట్టోడి ట్రేలు. సగానికి సగం! పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. తాళంకప్ప కూడా నవ్వాడు, అతనికి పళ్ళున్నాయని అప్పుడే తెలిసింది. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. కొడుతూనే గోడకు గుచ్చిన జాబితా చదివింది. ఒకటి, మూడు, ఐదు, ఏడు: మందు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది: ఉప్పునీరు. ఇదేమిటి ఇంత తిన్నగా ఉంది, ఎప్పుడూ చీట్లు తీసి కలగాపులగం చేస్తాడుగా అనుకుంది. అడిగితే, పొట్టోడు తొందరగా చెడిపోతాడక్కయ్యా, మందు గొట్టాలు మార్చుకుంటూ కూర్చుంటే ఆలస్యమవుతుందని బేసి ట్రేలన్నిటికీ ఒకేసారి వేసేశాను, మీకు తెలియదు కదా, తెలియనంతవరకూ ఏ వరసైనా ఒకటే, అన్నాడు. నిజమే, ఒకటే. అయినా ఏదో పంటి కింద రాయిలా తగిలింది. రాత్రి అన్నం తింటున్నప్పుడూ తగిలింది. పొద్దున బస్సులోనూ తగిలింది.

"ఏమే, ఒక మాట అడుగుతాను, నిజం చెప్తావా," అంది వదిన, సూదిలో దారం ఎక్కిస్తూ. "మీరు చేసే ఆ మందేదో ముందే వచ్చుంటే మీ అన్నయ్య కాలు దక్కేదా?" ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా అడగని ప్రశ్న ఇప్పుడు, చుట్టూ కళ్ళకు దూది పెట్టుకున్న జనం మధ్య అడిగింది. "లేదు వదినా," అంది ఆమె, కళ్ళు మూసుకునే. "ఇంకా పాడయ్యేది." అన్నయ్య మడమ మీద చిన్న పుండు. షుగరు మనిషి. చెప్పు కరిచిందన్నాడు, అదే మానుతుందన్నాడు. పుండు మానాలంటే అక్కడ కొత్త నాళాలు మొలవాలి, నెత్తురు తేవాలి. ఆయన కాలిలో అవి మొలవనన్నాయి. పగలంతా ఆమె నాళాలు ఆగితే సంతోషించేది, సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళి అన్నయ్య కట్టు విప్పి, ఒక్క ఎర్రటి మొలకైనా కనిపిస్తుందేమోనని వంగి వంగి వెతికేది. పెరగవే, పెరగవే అని బతిమాలేది. అదే నోటితో. మోకాలి కిందకు తీసేశాక ఆయన, "నీ గుడ్లలో మిగిలినవి ఓ నాలుగు తెచ్చి నాకు అతికించకపోయావా," అన్నాడు. పోతూ పోతూ కూడా హాస్యమే. నాళాలకు మంచీ చెడూ తెలియదు. గుడ్డులో పిల్లకూ అవే, గాయానికీ అవే, క్యాన్సరు గడ్డకూ అవే, ఆమె కంటికీ అవే. చోటు తప్పితే చాలు. గౌను అంచు మీద వదిన సూది మళ్ళీ నడిచింది.

రెండు కళ్ళలోనూ రెండో విడత చుక్కలు పడ్డాయి. ఈసారి మందు చేదుగా గొంతులోకి దిగింది. ఎదుటి గోడ మీది గడియారం తెల్లటి ముద్ద అయిపోయింది, ముళ్ళు కరిగిపోయాయి. అవతలి పక్కన కూర్చున్న పెద్దమనిషి బస్సు డ్రైవరు, ముప్పై ఏళ్ళు నడిపాడట, ఇది తొమ్మిదో సూదట. ఇందాకే పరిచయం చేసుకున్నాడు. "నొప్పి పెద్దగా ఉండదమ్మా, అబద్ధం చెప్పను. కానీ సూది ఎదురుగా వస్తుంటే కళ్ళు తెరిచి ఉంచాలి చూశారూ, అదీ బాధ. ఎదురుగా లారీ వస్తుంటే తప్పుకోకుండా కూర్చున్నట్టు ఉంటుంది," అన్నాడు. నెలనెలా రాత్రి నిద్ర పట్టదట. అప్పుడు ఆమె ఆగలేక, గర్వంగానే, పొట్టోడి సంగతి చెప్పేసింది. చుక్కల మందు వస్తోందండీ, మా దగ్గరే చేస్తున్నాం, నిన్ననే ఫలితం వచ్చింది, సగానికి సగం తగ్గాయి, కుందేళ్ళ కళ్ళకు హాని లేదని ఇదివరకే తేలింది, ఇవాళ పన్నెండింటికి మా సారు అనుమతి కాగితాల మీద సంతకం పెట్టి పంపిస్తారు, ఆ తర్వాత మనుషుల మీద పరీక్షలు మొదలవుతాయి. డ్రైవరు ఆమె చేయి పట్టుకున్నంత పని చేశాడు. "పరీక్షకి మనుషులు కావాలంటే నా పేరు రాయించండమ్మా. మొదటి పేరు నాదే. ఈ సూది తప్పితే చాలు, మానేసి మీ చుక్కలే వేసుకుంటాను." అలాగేనండీ అంది. ఎంత తేలిగ్గా అంది!

పొద్దున అక్షరాల గదిలోనూ అలాగే తేలిగ్గా చదివింది. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చదవమంటే, గోడ మీది అక్షరాల మధ్య బూడిదరంగు మచ్చ కూర్చుని ఉంది. కానీ ఆమెకు ముందు చదివిన ఆవిడ గట్టిగొంతుతో చదివింది, గుమ్మంలో నిలబడి విన్నదంతా ఆమెకు నోటికి వచ్చేసింది. చిన్నప్పటి నుంచీ అంతే, పరీక్షంటే తప్పకూడదు. పై నుంచి ఐదు వరసలు గడగడా అప్పజెప్పింది. నర్సు మెచ్చుకుని రాసుకుంది. "ఇవాళ్టిది మొదటి లెక్కమ్మా. సూదికి గుణం కనిపించిందా లేదా అని వచ్చే నెల దీనితోనే పోల్చి చూస్తాం." ఆ మాట అప్పుడు చెవికి ఎక్కలేదు. ఇప్పుడు ఎక్కింది. మొదటి లెక్కే దొంగదైతే రేపు ఎవరి మందో పాపం, పనిచేసినా పనిచేయనట్టు తేలుతుంది. ఇంకొకరు ఇలాంటి పని చేస్తే ఆమె తన లెక్కల గదిలోంచి మెడ పట్టి బయటికి గెంటేది. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ ఆమె మొదటి రోజు చెప్పే మాట ఒక్కటే: తెలిసింది రాయకు, కనిపించింది రాయి.

ఎడమ కన్ను మూయండి అంది కదూ నర్సు పొద్దున. ఎడమ మూస్తే కుడి. కుడి మూస్తే ఎడమ. ఆమె పాత సూక్ష్మదర్శినికి చూసే గొట్టం ఒక్కటే. రెండు గొట్టాలది, కెమెరా ఉన్నది కొత్తది వచ్చినా ఆమె దాని ముందు కూర్చోలేదు. ఆ పాతదాని మీద పని నేర్పిన పెద్దావిడ చెప్పింది, ఒక కన్ను పనిచేస్తుంటే రెండోదానికి సెలవివ్వు, లేకపోతే రెండూ ఒకేసారి ముసలివవుతాయి, అని. అందుకే ఒక ట్రే కుడి కంటితో, ఒక ట్రే ఎడమ కంటితో. ఒకటో ట్రే కుడి, రెండోది ఎడమ, మూడోది కుడి. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస, చేతికి గాజులు వేసుకున్నంత మామూలుగా, ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని తోచలేదు. ఒకటి, మూడు, ఐదు, ఏడు, కుడి. ఒకటి, మూడు, ఐదు, ఏడు, మందు. పంటి కింద రాయి పటుక్కుమని విరిగింది.

కాదు, కాదు. కుడి కన్ను అప్పటికి బాగానే ఉందిగా. ఉందా? ఒకటో ట్రేకే చూపు కాస్త అలలాడింది, నిద్ర చాలలేదనుకుంది. మూడో ట్రే లెక్కపెట్టే రోజున గొట్టంలో ఉండే గాజు బిళ్ళ, గళ్ళ గీతలున్నది, వంగిపోయింది. మధ్యలో గీతలు నీళ్ళలో పుల్లల్లా వంకర తిరిగాయి. బాగుచేసే అతన్ని పిలిపించింది. అతను వచ్చి, చూసి, తుడిచి, మళ్ళీ చూసి, "గీతలు తిన్నగానే ఉన్నాయమ్మా," అన్నాడు. "తిన్నగా ఉన్నాయా? ముందు నీ కళ్ళు చూపించుకో నాయనా," అంది ఆమె, అందరి ముందూ. అతను ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు నాలుగో ట్రే పెట్టి చూస్తే గీతలు చక్కగా ఉన్నాయి. పైకి లేదన్నాడు గానీ చాటుగా బాగుచేసే పోయాడు, పౌరుషం గల మనిషి, అనుకుంది. ఐదో ట్రేకు మళ్ళీ వంగింది. పని నాసిరకం అని తిట్టుకుంది. ఆరుకు మళ్ళీ తిన్నగా. ఏడుకు మధ్యలో మసక. అద్దం మీద వేలెవరు పెట్టారని గదంతా వినేలా అరిచింది. దాన్ని ఎన్నిసార్లు తుడిచింది! గాజు వంగదు. పదో తరగతి పిల్లకు కూడా తెలుసు, గాజు పగులుతుందే తప్ప వంగదు. ఆమెకు తెలియలేదా, తెలియనివ్వలేదా? పోయిన వారం డాక్టరు చూపు వంకరవుతుందని చెప్పినప్పుడైనా ఆ గాజు బిళ్ళ గుర్తుకు రావాలి. వచ్చే ఉంటుంది. వచ్చి గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఆమే తలుపు వేసి గిన్నెలు తోముకుంటూ ఏడ్చి ఉంటుంది.

చూపులో చిల్లు పడితే మెదడు దాన్ని చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది, మంచి దర్జీ చిరుగును రఫ్ఫు చేసినట్టు. చిల్లు చిల్లులా కనిపించదు. నాళాలు లేని ఖాళీ చోటులా కనిపిస్తుంది. అలా నలభై ఎనిమిది గుడ్లలో సన్నటి నాళాలన్నీ ఆ మచ్చ వెనక దాక్కున్నాయి, ఆమె తొమ్మిది, పది అని నమ్మకంగా రాసేసింది. నాళాల్ని ఆపింది పొట్టోడు కాకపోవచ్చు. ఆమె కంట్లో మొలిచిన నాళాలే గుడ్లలోని నాళాల్ని మాయం చేసి ఉండొచ్చు. ఇలాంటి పొరపాటు చేయాలంటే ఇరవై రెండేళ్ళ క్రమశిక్షణ కావాలి. ఇవాళ చేరిన మనిషైతే ఏ కన్ను దొరికితే ఆ కంటితో చూసి ఉండేది, తప్పు రెండు వైపులా సమానంగా పడి ఉండేది. నవ్వు వచ్చింది, అది మధ్యలోనే ఆగిపోయింది.

ఎవరికి తెలుసు ఇది? ఎవరికీ తెలియదు. తాళంకప్పకు ట్రేల వరస తెలుసు, ఆమె కళ్ళ వరస తెలియదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పొట్టోడు నిజంగానే పనిచేసి ఉండొచ్చు, సగానికి సగం కాకపోయినా పావు వంతు. మనుషుల మీద పరీక్ష చేస్తారుగా, అప్పుడు ఎలాగూ తేలుతుందిగా. తేలుతుంది. ఎవరి కంట్లో తేలుతుంది? మొదటి పేరు నాదే అన్న మనిషి పక్కనే కూర్చుని జేబురుమాలుతో కన్ను ఒత్తుకుంటున్నాడు. నెలనెలా సూది మానేసి, చుక్కలు వేసుకుంటూ, వేళ తప్పకుండా వేసుకుంటూ, ఆ కంట్లో నాళాలు దర్జాగా అల్లుకుపోతుంటే, ఇక చూపు తిరిగొస్తుందని ఎదురుచూస్తాడు. ఈ వైపు పెద్దాయన. నిన్న కళ్ళు తుడుచుకున్న ముఖం. పందొమ్మిదో దండ. ఇరవయ్యో దండ గుచ్చే వయసు ఆయనకు లేదు. ఆమెకు కూడా, ఈ మాట చెప్పాక, ఆ గొట్టం ముందు కుర్చీ ఉండదు. ఒంటికంటి గుడ్ల అక్కయ్యతో ఎవరికి పని? ఇంకో ఏడాదిలో ఎలాగూ దిగిపోయేది, పూలదండ వేసి పంపేవాళ్ళు. ఇప్పుడు ఆ ఆఖరి ఏడాది ఆమె తలుచుకుంటే ఉంటుంది, తలుచుకుంటే పోతుంది.

"వదినా, టైమెంతయింది?"

"గోడ మీద ఉందిగా. ఓ, నీకు కనబడదు కదూ. పదకొండూ నలభై."

"ఫోను తీసి మా సారుకు కలిపి ఇవ్వు. అంకెలు కనిపించట్లేదు నాకు."

"సూది వేయించుకోబోతూ ఆఫీసు పనేమిటే? కాస్త ఆగరాదూ?" అంటూనే వదిన కలిపి ఇచ్చింది.

అటు నుంచి పెద్దాయన గొంతు ఉత్సాహంగా ఉంది. "చెప్పమ్మా, అయిపోయిందా? నొప్పిగా ఉందా?" ఇంకా లేదు సార్, అంది. మీరు సంతకం పెట్టారా అంది. "పెన్ను చేతిలోనే ఉంది. నీ సంగతి తెలిశాక పెడదామని చూస్తున్నా," అన్నాడాయన. ఆ మాట ఇంకా ఇబ్బంది పెట్టింది. "పెట్టకండి సార్," అంది. తర్వాత ఏ వరసలో చెప్పిందో ఆమెకే గుర్తులేదు, కుడి కన్ను, బేసి ట్రేలు, గాజు బిళ్ళ, పాపం ఆ బాగుచేసే అతను, అన్నీ కలిపి చెప్పింది. పక్కన వదిన కుట్టు ఆగిపోయింది. అవతల పొదిగే పెట్టె గుయ్‌మంటోంది.

"అంటే పొట్టోడు పనిచేయలేదంటావా," అన్నాడు పెద్దాయన.

"తెలీదు సార్. చేసే ఉండొచ్చు. కానీ ఆ మాట నా కుడి కన్ను చెప్పకూడదు. పొరలన్నీ సీసాల్లో భద్రంగా ఉన్నాయి, తొంభై ఆరూ. రంగు కాస్త తగ్గి ఉంటుంది గానీ నాళాలెక్కడికీ పోవు. లేబుళ్ళు మార్పించి, మళ్ళీ లెక్కపెట్టించండి."

"నీకంటే బాగా లెక్కపెట్టేవాళ్ళెవరమ్మా ఇక్కడ?"

"రెండు కళ్ళున్నవాళ్ళెవరైనా సార్."

ఆయన కోప్పడితే బాగుండును అనుకుంది. ఆయన కోప్పడలేదు. పెన్ను మూత పెట్టిన చప్పుడు టక్కుమని వినిపించింది. "ముందు కన్ను సంగతి చూసుకో. మనం ఇరవై రెండేళ్ళు ఆగాం, ఇంకో నెల ఆగలేమా," అన్నాడు. ఆమె ఫోను వదినకు ఇచ్చేసింది. వదిన ఫోనుతోపాటు ఆమె చేతినీ పట్టుకుంది.

"కుట్టు ఒకటి వంకర పోతే మొత్తం విప్పాల్సిందేలే," అంది వదిన. "విప్పేటప్పుడే ప్రాణం ఉసూరుమంటుంది." ఆ చేతిని అలాగే ఒళ్ళో పెట్టుకుంది, గౌను పక్కకు జారిపోయినా చూడలేదు. అవతలి పక్క నుంచి డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. అంతా విన్నాడు, ఫోనులో మాట్లాడితే వినకుండా ఉండేంత దూరం ఆ కుర్చీల మధ్య లేదు. "అయితే చుక్కలు రావామ్మా?" అన్నాడు. ఆ ముఖం ఆమెకు మసకగా ఉంది, అందుకు ఆ క్షణంలో కాస్త ఊరట కలిగింది, ఊరట కలిగినందుకు సిగ్గు కూడా వేసింది. "తెలీదండీ. ఇందాక తెలిసినట్టు చెప్పాను, అది నా తప్పు. మీరు మాత్రం సూది మానకండి. ఎవరు చెప్పినా మానకండి," అంది. ఆయన జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "సరేలెండి, ఎనిమిది లారీలకు ఎదురుగా కూర్చున్నవాణ్ణి, తొమ్మిదోదానికి భయమేమిటి," అన్నాడు. ఆ మాటలో ధైర్యం ఎంతో నిరాశ అంతే ఉంది. ఆమెకు ఏడుపు వచ్చింది, కంట్లో మందు కొట్టుకుపోతుందని ఆపుకుంది.

నర్సు వచ్చి కంట్లోకి చిన్న దీపం కొట్టి చూసింది. బాగా విచ్చుకుంది, పదండమ్మా, మీదే వంతు, అంది. ఆమె లేవలేదు. "ఒక్క మాట తల్లీ. పొద్దున కుడి కంటితో చదివింది కొట్టేయండి. అది చూసి చదవలేదు, ముందావిడ చదివింది విని చదివాను." నర్సు చేతిలో దీపం ఆరిపోయింది. ఐదు వరసలూనా, అంది నర్సు. ఐదు వరసలూ, అంది ఆమె. వదిన నెత్తి కొట్టుకుంది. "చదువుకున్నదానివి, నీకేం రోగమే?" నర్సుకు నవ్వాలో విసుక్కోవాలో తెలియలేదు. మందు వేశాక చదివిస్తే సరిగ్గా రాదమ్మా, డాక్టరుగారు నన్నంటారు, అని గొణిగింది. వచ్చినంతే రాయండి, మందు వేశాక అని కూడా రాయండి, అంది ఆమె. అలవాటైన గొంతు అది, లెక్కల గదిలో ఎవరూ ఎదురు చెప్పని గొంతు. నర్సు ఆమె చేయి పట్టుకుని అక్షరాల గదికి నడిపించింది. వదిన వెనకాలే గౌను చంకలో పెట్టుకుని వచ్చింది.

కుర్చీలో కూర్చోబెట్టి, ఎడమ కన్ను మీద నల్లటి చెంచా లాంటిది పెట్టి, గోడ మీద దీపం వేశారు. వెలుగంతా ఒకటే తెల్లటి పొగ. అన్నిటికంటే పైన ఉన్న పెద్ద అక్షరం ఏమిటో ఆమెకు తెలుసు. దాని కింద రెండూ తెలుసు. నాలుక చివరన సిద్ధంగా నిలబడి ఉన్నాయి, మంచి పిల్లల్లా చేతులు కట్టుకుని, పిలిస్తే వచ్చేలా. వాటిని వద్దంది. కుడి కంటిని తెరిచి ఉంచి, కనిపించేదాని కోసం ఆగింది. మచ్చ ఉంది. మచ్చ చుట్టూ అక్షరం అంచు ఏదో ఉన్నట్టుంది, వంగి, నీళ్ళలో పుల్లలా. తల అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఏం కనిపిస్తోందమ్మా?" అంది నర్సు.

"ఏమీ కనిపించట్లేదు," అంది ఆమె. "అలాగే రాసుకోండి."